మూడో సారీ

ఆ వారం నుంచి సిబ్బంది అంతా ఇంగ్లీషులో మర్యాదగా ఉండాలని ఆసుపత్రి మేనేజరు ఉత్తర్వు వేశాడు. అంతకుముందు తెలుగులో ఎవరెంత మర్యాదగా ఉండేవారో ఆయన వాకబు చేయలేదు. లిఫ్టు పక్కన గోడకి ఒక కాగితం అంటించారు. గుడ్ మార్నింగ్, ప్లీజ్, థాంక్యూ, సారీ, హౌ మే ఐ హెల్ప్ యూ. రోగుల తాలూకు వాళ్ళు ఎదురుపడితే వీటిలో ఏదో ఒకటి నోట్లోంచి రావాలి. ఏది ఎప్పుడు రావాలో మాత్రం కాగితం మీద రాయలేదు.

రెండో అంతస్తు ఆయాకి పాఠం చెప్పే పని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి నెత్తిన పడింది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి ఇంకా కుదురుకోలేదు. ఆయాకి యాభై దాటాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక దుప్పట్ల గదిలో, ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెడుతూ ఇద్దరూ చదువు మొదలుపెట్టారు. దుప్పటి మడతకి ఎలాగూ ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, సాగదీసి దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి జరగాలి. ఆయా జరిగినంత చురుగ్గా ఆ అమ్మాయి జరగలేకపోయేది.

"సారీ ఒక్కటి గట్టిగా పట్టుకో అక్కా. అదొస్తే సగం ఇంగ్లీషు వచ్చినట్టే" అంది అమ్మాయి.

"అది నాకు తెలుసులే. తప్పు చేస్తే చెప్పేది."

"అదొకటి. ఇంకా ఉన్నాయి. ట్రాలీ ఎవరికైనా తగిలిందనుకో, కాలు తొక్కావనుకో, అప్పుడు చెప్పేది మొదటి సారీ. వాళ్ళే మనల్ని తొక్కి సారీ అన్నారనుకో, మనం ఇట్సోకే అనాలి."

"తొక్కించుకుని కూడా మనమే సర్దిచెప్పాలా?"

"అంతే మరి. రెండో సారీ, వినపడకపోతే. దాని తోక పైకి లేవాలి. సారీ? అలా. అప్పుడు వాళ్ళు మళ్ళీ చెబుతారు."

"మా అత్త ఆఁ అంటుంది చూడు, అదన్నమాట."

"అదే. ఇక మూడోది, ఎవరింట్లోనైనా మనిషి పోతే. తల కొంచెం దించి నెమ్మదిగా, ఐ యామ్ సారీ. దానికి వాళ్ళు థాంక్యూ అంటారు."

ఆయా దుప్పటితో సగం దారిలో ఆగిపోయింది.

"మనిషి పోతే సారీ ఏంటి? మనమేం చేశాం?"

"ఏం చేయలేదు. మీకిలా జరిగింది, నాకు బాధగా ఉంది అని చెప్పడం."

"పైగా వాళ్ళు థాంక్యూ అంటారా? దేనికి, పోయినందుకా?"

"అబ్బా, పలకరించినందుకు అక్కా."

ఆయా కొసలు కలిపింది. "అంత పెద్ద భాష కదా. తప్పుకీ, చెవుడుకీ, చావుకీ ఒకటే మాటా? పాపం, మాటలకి అంత కరువేంటి వాళ్ళకి."

అమ్మాయికి నవ్వు ఆగలేదు. చేతిలో కొసలు జారిపోయి ఉతికిన దుప్పటి నేల మీద పడింది. "సారీ సారీ" అంటూ వంగింది.

"ఏ సారీ?" అంది ఆయా.

"మొదటిది."

"ఇట్సోకే" అంది ఆయా, పరీక్ష పాసైనంత గర్వంగా.

సాయంత్రం ఇంటికెళ్ళినా ఆమె చదువు ఆపలేదు. మొగుడు ప్లంబరు. పెరట్లో పంపు దగ్గర చేతులకంటిన గ్రీజు రుద్దుకుంటున్నాడు. ఆయా గిన్నెలు తోముతూ ఒకటి, రెండు, మూడు అని వరసగా ఒప్పజెప్పుకుంది.

"మొదటిది వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో సారీయే కుదరడం లేదు" అంది పైకే.

గుమ్మంలో కూర్చున్న అత్త చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. "మూడోసారా? మొదటి రెండుసార్లూ ఏమైంది?"

మొగుడు సబ్బు చేతులతోనే పగలబడి నవ్వాడు. ఆయా గిన్నె వదిలేసి అత్త చెవి దగ్గరకొచ్చి సంగతంతా మొదటినుంచీ చెప్పింది. అత్త శ్రద్ధగా వింది.

"ఎవరైనా పోతే చెబుతారంటావు. ఎవరికి, పోయినవాళ్ళకా ఉన్నవాళ్ళకా?"

"ఉన్నవాళ్ళకి."

"ఉన్నవాళ్ళకి మాటెందుకే. పక్కన కూచుంటే చాలదూ?"

ఆ మాట నిజమే అనిపించింది ఆయాకి. కానీ గోడ మీద కాగితంలో కూర్చోమని లేదు.

రెండో అంతస్తు చివరి గదిలో ఉన్న పెద్దాయన్ని అందరూ కిటికీ తాత అనేవారు. మంచం కిటికీ పక్కకి జరిపితే గానీ మందు మింగనని మొండికేసి ఆ పేరు తెచ్చుకున్నాడు. తీరా జరిపాక లేచి కూర్చునే ఓపిక లేదు. పడుకున్న చోటినుంచి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. అందుకని గదిలోకి వచ్చినవాళ్ళందరినీ "బయటేముంది?" అని అడిగేవాడు. సిస్టర్లు "ఏముంటుంది తాతా, రోడ్డు" అని పోయేవారు. ఆయా మాత్రం పనిచేస్తూ ఓపిగ్గా చెప్పేది. బస్సొచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు. ఒకావిడ గొడుగు తెరవలేక తిప్పలు పడుతోంది. కుక్క రోడ్డు దాటుదామని చూసి మానుకుంది. తాత కళ్ళు మూసుకుని వినేవాడు. ఏదైనా వదిలేస్తే "కుక్క ఏమైంది?" అని మళ్ళీ అడిగేవాడు.

ఆఖరి రోజుల్లో అడగడం తగ్గింది. ఇవాళో రేపో అని పెద్ద డాక్టరు తాత కొడుకుతో చెప్పేశాడు. చెప్పి, ఏదో మీటింగుకని ఊరెళ్ళాడు. కొడుకు ఆ గదిలోంచి కదల్లేదు. గడ్డం మాసిపోయింది. కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు, ఉలిక్కిపడి లేచి తండ్రి ఛాతీ కదులుతోందో లేదో చూసుకునేవాడు.

ఆ ఉదయం ఆయా దూది తడిపి తాత పెదవులు తుడిచింది. ఎడమ పక్కకి తిప్పి, వీపు వెనక ఒక దిండు, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టి, దుప్పటి ముడత లేకుండా లాగింది. తర్వాత కొడుకు మొహం చూసింది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబూ, కిందికెళ్ళి ఇంత కాఫీ తాగి రండి. నేనున్నాను కదా."

"వద్దు ఆయమ్మా."

"మీరు పడిపోతే మీ నాన్నగారికి ఎవరు చేస్తారు? ఇలా వెళ్ళి అలా వచ్చేయండి."

అతను కాసేపు తటపటాయించి, తండ్రి నుదుటి మీద చెయ్యేసి, వెళ్ళాడు. సిస్టరు పక్క గదిలో ఇంజెక్షనుకని వెళ్ళింది. ఆయా కిటికీకీ మంచానికీ మధ్య నిలబడి తాత చెయ్యి పట్టుకుంది. బయట కనపడేవి ఎప్పటిలాగే చెబుతూ ఉంది. కాసేపటికి ఆమె చేతిలోని చెయ్యి బరువెక్కింది. ఆమెకి ఆ బరువు తెలుసు. మాట ఆపి, తాత మొహం చూసి, సిస్టర్ని పిలిచింది.

సిస్టరు వచ్చింది, డ్యూటీ డాక్టరు వచ్చాడు. "వాళ్ళబ్బాయి వస్తే ఒక్క నిమిషం బయటే ఆపు" అని ఆయాని వసారాలోకి పంపారు. వసారాలో మేనేజరు కాగితం ప్రకారం ఎవరెలా మాట్లాడుతున్నారో చూసుకుంటూ తిరుగుతున్నాడు. లిఫ్టు తెరుచుకుంది. కొడుకు రెండు చేతుల్లో రెండు కాగితం కప్పులతో బయటికొచ్చాడు. మొహం కొంచెం తేటపడింది. ఒక కప్పు ఆయా వైపు చాపాడు.

"మీక్కూడా తెచ్చాను ఆయమ్మా."

ఆయా అయ్యో నాయనా అని అతని భుజం పట్టుకోబోయింది. అవతల మేనేజరు ఆగి చూస్తున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, తల కొంచెం దించి, నెమ్మదిగా అంది.

"ఐ యామ్ సారీ సార్."

కాఫీ వద్దంటోందనుకున్నాడతను. "పర్లేదు, తీసుకోండి. వేడిగా ఉంది."

"ఐ యామ్ సారీ సార్."

ఎప్పుడూ బాబూ అనే మనిషి సార్ అంటోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను ఆమె వెనక మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. కప్పులు రెండూ కిందపడి కాఫీ నాపరాళ్ళ మీద పారింది.

"ఎందుకు సారీ?" అన్నాడు. "ఏం చేశావు?"

మీరు కాస్తా నువ్వైంది. ఆయా థాంక్యూ కోసం చూస్తూ నిలబడిపోయింది. పాఠంలో ఈ ప్రశ్న లేదు. చేతులు జోడించింది. చేతులు జోడించడం ఇంకా పెద్ద తప్పయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు పిలిచాడు. గదిలో సిస్టరు కూడా ఉంది. కాళ్ళ వైపు చూసుకుంటోంది.

"వాళ్ళబ్బాయి ఏమంటున్నాడో తెలుసా? ఆయాయే నన్ను బలవంతంగా బయటికి పంపింది. తిరిగొచ్చేసరికి తప్పయిపోయిందని ఏడుస్తూ చేతులు జోడించి క్షమించమని అడిగింది. తప్పేంటో మీరు తేల్చండి, లేకపోతే నేను తేలుస్తాను అంటున్నాడు."

"క్షమించమనలేదు సార్. సారీ అన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

"కాదు సార్. మూడోది…" అని ఆగిపోయింది. పైకి అనేసరికి ఆ లెక్క ఆమెకే పిచ్చిగా వినిపించింది. "మనిషి పోతే అలాగే అనాలని, మీరే కదా సార్ నేర్పించమన్నది."

"నేను మర్యాద నేర్పించమన్నాను. తప్పులు ఒప్పుకోమన్నానా? గుమ్మడికాయల దొంగెవరంటే నువ్వెళ్ళి భుజాలు తడుముకున్నావు. ఇప్పుడు ఆసుపత్రి పరువు నా నెత్తి మీద పడింది." ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "ఆ టైములో నువ్వు గదిలో ఉన్నావా?"

"లేను సార్. నేనొచ్చేసరికే అయిపోయింది" అంది సిస్టరు. అది నిజమే. తాత ఆ పూట దాటడని ముందునుంచీ తెలుసన్నది కూడా నిజమే, కానీ అది ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"పెద్ద డాక్టరుగారు ఎల్లుండి వస్తారు. ఆయన ముందు కూర్చుని తేల్చుకుందాం. ఆ పైన ఉద్యోగం సంగతి చూద్దాం. అంతవరకూ డ్యూటీకి రావద్దు" అన్నాడు మేనేజరు. ఆయా కదలకుండా నిలబడేసరికి, గొంతు మెత్తబరిచి, "సారీ అమ్మా. నా చేతుల్లో ఏం లేదు" అన్నాడు.

ఇది ఎన్నోదో ఆయాకి అర్థం కాలేదు. కాలు తొక్కిన సారీ కాదు, వినపడని సారీ కాదు, ఏడ్చే సారీ అసలే కాదు. ఇలాంటిది ఒకటుందని ఆ అమ్మాయి చెప్పలేదు. మనిషిని బయట పెట్టి తలుపేసే సారీ.

లిఫ్టు దగ్గరకొచ్చేసరికి గోడ మీద కాగితం లేదు. నాలుగు మూలలా టేపు ముక్కలు మిగిలాయి, మధ్యలో సున్నం కొంచెం లేచిపోయింది. కింద రిసెప్షన్‌లో అమ్మాయి ఆయాని చూసింది. చూసి, మోగని ఫోను ఎత్తి చెవికి పెట్టుకుంది. తేలు కుట్టిన దొంగకి నోరెలా వస్తుంది. ఆయాకి కోపం రాలేదని కాదు. వచ్చింది. గేటు దాటేదాకా ఉంది. తర్వాత, కొత్త ఉద్యోగం, చిన్నపిల్ల, దాన్నెందుకు లాగడం అనిపించింది. ఇద్దరి పొట్ట కొట్టడం కన్నా ఒక్కరిది నయం.

ఇంట్లో కూర్చోవడం ఆమెకి చేతకాని పని. ఉన్న రెండు దుప్పట్లూ ఉతికింది. ఒక్కర్తే మడతపెట్టబోతే కొసలు కుదరలేదు. అత్త మంచం పట్టెలు తుడిచింది. చేతులు పనిలో ఉన్నా మనసు చివరి గదిలోనే తిరిగింది. దూది మరీ ఎక్కువ తడిపానా? చుక్క గొంతులోకి జారిందా? ఎడమ పక్కకి కాకుండా కుడి పక్కకి తిప్పి ఉంటే ఇంకో పూట ఉండేవాడా? కొడుకుని పంపకపోతే? ఆ ఉదయం చేసిన పనంతా ఒక్కొక్కటీ బయటికి తీసి, దులిపి, వెలుతురులో పెట్టి చూసుకుంది. ఎక్కడా మచ్చ కనపడలేదు. అయినా భయం పోలేదు. మనసుకి తెలియని తప్పు నోటికి తెలిసిందేమో, అందుకే సారీ అని బయటపడిందేమో అనిపించసాగింది.

సాయంత్రం ఆ మాటే మొగుడితో అంది. అతను సంచీలోంచి పానాలు తీసి గోడవారగా పేరుస్తున్నాడు.

"ఎవరింట్లోనో పైపు పగులుతుంది. నన్ను పిలుస్తారు. ఇల్లంతా నీళ్ళు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఏమంటాను?"

"ఏమంటావు?"

"అయ్యో అంటాను. అంటే నేనే పగలగొట్టినట్టా?"

"నువ్వు అయ్యో అంటావు. నేను సారీ అన్నాను."

"అందుకే చెప్పేది, మన మాట మన నోట్లో ఉండగా అప్పు మాటలెందుకని" అన్నాడు. అనేసి, పెళ్ళాం మొహం చూసి, నవ్వు మింగేసుకున్నాడు. "నీ చెయ్యి నాకు తెలుసే. అమ్మ మంచాన పడ్డప్పుడు చూడలేదా? ఆ చేత్తో ఎవరికీ చెడు జరగదు."

ఆమెకి అది విని ఏడుపొచ్చింది. రిసెప్షన్ అమ్మాయికి ఒకసారి ఫోను చేద్దామని చేసింది. ఎత్తలేదు. సారీ, మీరు కాల్ చేసిన నంబరు అని ఎవరో ఆడమనిషి గొంతు తీయగా మొదలుపెట్టింది. నీకేం పోయింది తల్లీ సారీ చెప్పడానికి అనుకుని ఆయా ఫోను పెట్టేసింది. కాసేపటికి అత్త గోడ పట్టుకుని వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. సంగతి ఎంతవరకు వినపడిందో ఏమో, ఏమీ అడగలేదు. కోడలి వీపు మీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా అలాగే కూర్చుంది.

పెద్ద డాక్టరు వస్తానన్న రోజున ఆయా ఇస్త్రీ చేసిన యూనిఫాం కట్టుకుని వెళ్ళింది. మేనేజరు గదిలో బల్లకి అటు మేనేజరు, ఇటు కొడుకు. గడ్డం గీసుకున్నాడు గానీ కళ్ళు ఇంకా గుంటల్లోనే ఉన్నాయి. సిస్టరు బీరువా పక్కన నిలబడింది. ఆయాని ఎవరూ కూర్చోమనలేదు. డాక్టరు రౌండ్సులో ఉన్నాడు, వస్తాడు, ఈలోగా మొదలుపెడదామన్నాడు మేనేజరు.

"నేనెవరినీ ఏమీ చేయమనడం లేదు" అన్నాడు కొడుకు. గొంతు తగ్గించే మాట్లాడాడు. "నాకు తెలియాలి, అంతే. అన్ని రోజులు కూర్చున్నాను. ఒక్క పది నిమిషాలు లేను. ఆ పది నిమిషాల్లో ఏం జరిగింది? ఏమీ జరగకపోతే ఈవిడ సారీ ఎందుకు చెప్పింది?"

అందరూ ఆయా వైపు చూశారు.

"మాకలా నేర్పారు బాబూ" అంది.

"ఎవరు నేర్పారు?"

తలుపు దగ్గర రిసెప్షన్ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. ట్రే మీద గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. మేనేజరు కిటికీ తెర సర్దుకున్నాడు. ఆయా ఇద్దరివైపూ చూసి, నేల వైపు చూసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. ఇంకొకరి పేరు నోటినుంచి జారకూడదని పళ్ళు బిగించింది.

"చూశారా" అన్నాడు కొడుకు మేనేజరుతో. "అడిగితే చెప్పదు."

అప్పుడే తలుపు పూర్తిగా తెరుచుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. పంచాయితీ సంగతి ఆయనకి ఇంకా ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. ఎవరినీ పట్టించుకోకుండా తిన్నగా కొడుకు దగ్గరకి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, తల కొంచెం దించాడు.

"ఐ యామ్ సారీ. ఐ యామ్ వెరీ సారీ."

కొడుకు కుర్చీలోంచి సగం లేచాడు. "థాంక్యూ డాక్టర్" అన్నాడు.

ఆయా చటుక్కున తలెత్తింది. పాఠంలో విన్నది విన్నట్టుగా ఎదురుగా జరిగింది. అదే మాట, అదే తల దించడం, అదే జవాబు. ఇన్నాళ్ళూ మోస్తున్న బరువు ఒక్కసారి దిగినట్టయింది, తను తప్పు నేర్చుకోలేదు. ఎవరి ముందున్నదీ మరిచిపోయింది.

"అదే" అంది. "నేనూ అదే చెప్పాను బాబూ. మూడోది."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. "మూడోదేంటి?" అన్నాడు డాక్టరు.

"నేను నేర్పాను సార్." తలుపు దగ్గరనుంచి అమ్మాయి గొంతు వినిపించింది. ట్రే పెట్టడానికి చోటు దొరక్క చేతుల్లోనే పట్టుకుని గబగబా చెప్పేసింది. "తప్పు చేస్తే ఒకటి, వినపడకపోతే ఒకటి, ఎవరైనా పోతే ఒకటి. ఎవరైనా పోతే ఐ యామ్ సారీ అనాలని, వాళ్ళు థాంక్యూ అంటారని నేనే చెప్పాను. లిఫ్టు పక్కన కాగితం కూడా ఉండేది. మేనేజరు సారే అంటించమన్నారు. మొన్న తీయించేశారు." ఆయా వైపు చూసి, "ముందే చెప్పాల్సింది అక్కా, భయమేసింది" అంది.

డాక్టరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తెర ఇంకొంచెం సర్దుతూ జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. కొడుకు సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. డాక్టరు నోట విన్నప్పుడు ఓదార్పైన మాట ఆయా నోట విన్నప్పుడు నేరమెలా అయిందో అతనికి తట్టినట్టుంది. మొహం ఎర్రబడింది. నెమ్మదిగా కూర్చున్నాడు.

"మీ నాన్నగారి గుండె ఆ వారమంతా ఆగడానికి సాకు వెతుకుతోంది" అన్నాడు డాక్టరు, కుర్చీ లాక్కుంటూ. "మీకు నేను చెప్పే వెళ్ళాను. ఆయాయే కాదు, నేను పక్కనున్నా ఆగిపోయేదే."

కొడుకు తలూపాడు. అయినా అతనికి తీరాల్సింది అది కాదని ఆయాకి కనపడుతూనే ఉంది. బల్ల అంచుని గోటితో గీస్తూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"మరి నన్నెందుకు పంపించారు?"

మళ్ళీ మీరు వచ్చింది. ఆయా ఒక అడుగు ముందుకేసింది.

"మీ మొహం చూడలేక బాబూ. అంతే. మీరెళ్ళాక తాత కళ్ళు తెరిచారు. బయటేముంది అన్నారు. చాలా రోజులైంది కదా అడిగి, నేను సంతోషపడ్డాను. చూస్తే మీరు రోడ్డు దాటుతున్నారు. మీ అబ్బాయి రోడ్డు దాటుతున్నాడు తాతా అన్నాను. ఇంకా, అన్నారు. కాఫీ కొట్టు దగ్గర నిలబడ్డాడు, కప్పు అందుకున్నాడు, వేడిగా ఉన్నట్టుంది, ఊదుకుంటున్నాడు అన్నాను. తాగాడా అని అడిగారు. తాగుతున్నాడు తాతా, ఇంకోటి కూడా చెప్పాడు అన్నాను. ఆ ఇంకోటి నాకని నాకప్పుడు తెలీదు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇక మళ్ళీ అడగలేదు. చెయ్యి నా చేతిలోనే ఉంది. మీరు లేరని ఎందుకనుకుంటారు బాబూ? ఆఖరిదాకా ఆయన మిమ్మల్నే చూస్తున్నారు."

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. రిసెప్షన్ అమ్మాయి ట్రే బల్ల మీద పెట్టేసి ఒక గ్లాసు అతని ముందుకి జరిపింది. చాలాసేపటికి అతను మొహం మీంచి చేతులు తీశాడు. కళ్ళు తడిసి ఉన్నాయి గానీ గుంటల్లోంచి పైకొచ్చినట్టున్నాయి. గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగాడు.

"సరే, అంతా చిన్న అపార్థం" అన్నాడు మేనేజరు, చేతులు తుడుచుకున్నట్టు రుద్దుకుంటూ. "అమ్మా, నువ్వు డ్యూటీకి వెళ్ళొచ్చు."

"వెళ్ళొచ్చు కాదు" అన్నాడు డాక్టరు. "ఈ రోజులన్నీ ఆవిడ డ్యూటీలో ఉన్నట్టే. ఆ కాగితం కూడా మళ్ళీ అంటించండి. ఏది ఎప్పుడు అనాలో కూడా రాయించి అంటించండి."

ఆయా రెండో అంతస్తుకి వచ్చేసరికి దుప్పట్ల గదిలో మడతపెట్టని దుప్పట్లు నడుమెత్తు పేరుకుపోయి ఉన్నాయి. వాటిని చూస్తే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఒక దుప్పటి తీసి దులిపింది. ఒంటరిగా కొసలు కలపడానికి తంటాలు పడుతుంటే తలుపు దగ్గర అలికిడైంది. అమ్మాయి వచ్చిందేమో అనుకుంది. కొడుకు.

లోపలికి రావాలో వద్దో తెలియనట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు. కిందికి జారిన రెండు కొసలు చూసి, వంగి ఎత్తి పట్టుకున్నాడు. ఆయా సాగదీసి, దులిపి, ముందుకి నడిచింది. అతనికి పద్ధతి తెలీదు. అయినా ఎదురొచ్చి కొసలు ఆమె చేతికిచ్చాడు.

"సారీ" అన్నాడు.

ఆయా దుప్పటి గుండెలకి ఆనించుకుని అతని మొహంలోకి చూసింది. కొసలు తప్పుగా ఇచ్చినందుకో, మాట సరిగా వినపడలేదో, లేక తాత సంగతో. దేనికి ఏ జవాబో పాఠం ప్రకారం చెప్పాలి కదా.

"ఏ సారీ బాబూ?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇన్ని రోజుల్లో మొదటిసారి, పెదవి చివర కొంచెం నవ్వొచ్చింది.

"మొదటిది" అన్నాడు.

"ఇట్సోకే" అంది ఆయా.

దుప్పటి బల్ల మీద పెట్టింది. ఆ ఉదయం వెనక్కి తీసుకున్న చెయ్యి ఇప్పుడు చాపి అతని భుజం పట్టుకుంది.

"అయ్యో నాయనా" అంది. "అయ్యో నాయనా."

"థాంక్యూ ఆయమ్మా" అన్నాడు కొడుకు.